ఒక బిషప్పు, ఇద్దరు యజమానులు: జర్మన్ రాజు నాలుగో హెన్రీ పాలనలో చిక్కుముడి ఎక్కడుంది?

1077 జనవరి చివరి వారం. ఉత్తర ఇటలీ కొండల్లో కనోసా కోట. లోపల పోపు ఏడో గ్రెగరీ. బయట, రాజచిహ్నాలన్నీ తీసేసి, ముతక ఉన్ని బట్ట కట్టుకుని, ఒట్టి కాళ్లతో 26 ఏళ్ల జర్మన్ రాజు నాలుగో హెన్రీ. మూడు రోజులు తలుపు తెరుచుకోలేదు. నాలుగో రోజు, జనవరి 28న, తెరుచుకుంది.

హెన్రీ పేరు విన్న ఎవరికైనా ముందు గుర్తొచ్చేది ఈ దృశ్యమే. రాజు పోపు కాళ్ల మీద పడ్డాడని కొందరంటారు. పోపు చేయి కట్టేసి రాజే గెలిచాడని మరికొందరంటారు. ఆ మూడు రోజుల్ని విడిగా తీసి చూస్తే ఈ తగువు ఎప్పటికీ తేలదు. సరిగ్గా 30 ఏళ్ల ముందు, 1046 డిసెంబరులో, ఇదే రాజు తండ్రి మూడో హెన్రీ ఇటలీకి వెళ్లి, పోపు పదవికి హక్కుదారులుగా ఉన్న ముగ్గురినీ తప్పించి, తన వెంట వచ్చిన బాంబర్గ్ బిషప్పును ఆ పీఠం మీద కూర్చోబెట్టాడు. తండ్రి పోపును నియమించాడు. కొడుకు పోపు గుమ్మం ముందు నిలబడ్డాడు. మధ్యలో ఏం మారిందో తెలియాలంటే ముందుగా చూడాల్సింది బిషప్పు ఉద్యోగం.

బిషప్పు అంటే అప్పట్లో ఎవరు?

11వ శతాబ్దపు జర్మన్ రాజుకు రాజధాని లేదు. జీతం తీసుకునే అధికారులు లేరు. పరివారంతో ఊరూరూ తిరుగుతూ, ఒకచోట తన సొంత భూముల పంట తింటూ, ఇంకోచోట బిషప్పుల, మఠాల ఆతిథ్యం పొందుతూ పాలించాలి. డ్యూకులూ కౌంటులూ అనే ప్రాంతీయ ప్రభువులకు ఇచ్చిన భూమి ఒక తరం గడిచేసరికి వాళ్ల వంశాల ఆస్తి అయిపోయేది. తిరిగి తీసుకోబోతే యుద్ధమే.

బిషప్పుతో ఆ ఇబ్బంది లేదు. అతనికి వారసుడు ఉండడు. చనిపోగానే ఆ పీఠం, దాని భూములు, సుంకాలు, నాణేలు ముద్రించే హక్కు, న్యాయస్థానం అన్నీ మళ్లీ రాజు చేతికి వస్తాయి. అందుకే పదో శతాబ్దం నుంచి రాజులు తమ అధికారాలను బిషప్పుల చేతుల్లో పెడుతూ వచ్చారు. ఎంత పెట్టారో ఒక లెక్క చూస్తే తెలుస్తుంది. 981లో చక్రవర్తి రెండో ఓటో ఇటలీకి అదనపు సైన్యం పంపమని కబురు చేశాడు. ఆ జాబితా నేటికీ ఉంది. అందులో ఉన్న సుమారు 2,000 మంది కవచధారులైన గుర్రపు యోధుల్లో దాదాపు నాలుగింట మూడు వంతులు బిషప్పులూ మఠాధిపతులూ పంపాల్సినవాళ్లే. మైన్ట్స్, కొలోన్ ఆర్చిబిషప్పుల (చుట్టుపక్కల బిషప్పులకు పెద్దల) వాటా చెరి 100 మంది.

ఇక నియామకం జరిగే తీరు. పాత బిషప్పు పోగానే ఆ చర్చి వాళ్లు అతని చేతికర్రనూ ఉంగరాన్నీ రాజసభకు తెచ్చేవాళ్లు. రాజు సభలో పెద్దలతో మాట్లాడి, చాలాసార్లు తన ప్రార్థనామందిరంలో పనిచేస్తున్న గురువుల్లోంచే (చర్చి పూజారుల్లోంచే) ఒకరిని ఎంచుకునేవాడు. "ఈ చర్చిని అందుకో" అంటూ కర్రనూ ఉంగరాన్నీ స్వయంగా ఇచ్చేవాడు. కొత్త బిషప్పు రాజుకు విధేయత ప్రకటించేవాడు. ఆ తర్వాతే తన ఊరికి వెళ్లి, ఆర్చిబిషప్పు చేతుల మీదుగా అభిషేకం పొందేవాడు. ఈ వరుసను గుర్తుపెట్టుకోవాలి: ముందు రాజు, తర్వాత చర్చి. 1122లో రాజీ కుదిరినప్పుడు బేరమంతా ఈ వరుస మీదే నడిచింది.

చర్చిని రాజుల పట్టు నుంచి విడిపించాలనుకున్న సంస్కరణవాదులకు మింగుడుపడనిది కూడా ఇదే. వాళ్ల దృష్టిలో ఉంగరం బిషప్పుకూ అతని చర్చికీ జరిగే పెళ్లికి గుర్తు, కర్ర మందను కాసే కాపరికి గుర్తు. వీటిని గృహస్థుడైన, అంటే చర్చి గురువు కాని, రాజు ఎలా ఇస్తాడు? దానికి రాజుల జవాబూ బలంగానే ఉండేది: మేము మామూలు గృహస్థులం కాము, పవిత్ర తైలంతో అభిషిక్తులం. గ్రెగరీ దెబ్బ కొట్టింది ఈ జవాబునే. ఎంత గొప్ప రాజైనా గురువు కాని మనిషే అని ఆయన వాదన. జర్మన్ చరిత్రలో ఇంత దూరం పాకిన వాదన ఇంకొకటి లేదని చెప్పవచ్చు.

ఆరేళ్లు నిండని రాజు

హెన్రీ 1050 నవంబరు 11న పుట్టాడు. 1054లో ఆఖెన్‌లో కిరీటం పెట్టారు, అప్పటికి మూడేళ్లు. 1056 అక్టోబరులో తండ్రి పోయాడు. తల్లి ఆగ్నెస్ పాలన చేతికి తీసుకుని, దక్షిణాన ఉన్న మూడు పెద్ద డచీలనూ (డ్యూకులు ఏలే ప్రాంతాలనూ) ఒక్కొక్కటిగా ప్రభువులకు ఇచ్చేసింది: ష్వాబియా రైన్‌ఫెల్డెన్ రూడాల్ఫ్‌కు, బవేరియా నార్ట్‌హైమ్ ఓటోకు, కరింథియా బెర్తోల్డ్‌కు. తర్వాత హెన్రీ మీద లేచినవాళ్లు ఈ ముగ్గురే.

రోమ్‌లో ఈ సందును బాగా వాడుకున్నారు. 1059లో పోపు రెండో నికొలస్ శాసనం చేసి పోపు ఎన్నికను రోమ్ చర్చి పెద్దలైన కార్డినల్ బిషప్పుల చేతికి ఇచ్చాడు. రాజుకు మిగిలింది ఒక గౌరవవాక్యం. 1061లో ఆగ్నెస్ సభ, కార్డినల్స్ ఎన్నుకున్న పోపుకు పోటీగా ఇంకొకరిని నిలబెట్టి ఓడిపోయింది.

1062 వసంతంలో కొలోన్ ఆర్చిబిషప్పు అన్నో, కైజర్స్‌వెర్త్‌లో రైన్ నది ఒడ్డున, 11 ఏళ్ల హెన్రీని కొత్త పడవ చూపిస్తానని ఎక్కించి బయల్దేరదీశాడు. పిల్లవాడు భయపడి నదిలోకి దూకాడు. ఎక్బెర్ట్ అనే కౌంట్ దూకి పైకి లాగాడు. రాజు చేతిలో ఉంటే రాజ్యం చేతిలో ఉన్నట్టే కాబట్టి, ఆ తర్వాత కొన్నేళ్లు అన్నో, అతని పోటీదారు బ్రెమెన్ ఆర్చిబిషప్పు ఆడల్బెర్ట్ ఆ పిల్లవాడి పేరుతో పాలించారు, పీఠాలకూ తమవాళ్లకూ రాజభూములు పంచుకున్నారు. 1065లో యుక్తవయస్కుడిగా కత్తి కట్టుకునేనాటికి హెన్రీ చేతికొచ్చిన ఖజానాలో తండ్రి నాటి వైభవం లేదు. పెద్దవాళ్ల మీద నమ్మకం కూడా అతనికి మిగల్లేదు.

సాక్సనీ: భూమి లెక్కలు, కోటలు

పోయిన భూముల్ని వెనక్కి రాబట్టాలంటే మొదలుపెట్టాల్సిన చోటు ఉత్తర జర్మనీ ప్రాంతమైన సాక్సనీలోని హార్ట్స్ కొండల చుట్టూ ఉన్న రాజక్షేత్రాలు. పక్కనే గోస్లార్, దాన్ని ఆనుకుని రామెల్స్‌బర్గ్ వెండి గనులు. హెన్రీ పద్ధతి ఇలా సాగింది: ఏ భూమి రాజుదో పాత జ్ఞాపకాలు తవ్వి విచారణ చేయించడం, కొండ శిఖరాల మీద కోటలు కట్టడం, వాటిలో పెద్దది హార్ట్స్‌బుర్గ్, ఆ కోటల్లో స్థానిక ప్రభువులను కాకుండా దక్షిణాది నుంచి తెచ్చిన, పుట్టుకతో స్వేచ్ఛ లేని సేవక కుటుంబాల యోధులను కావలి పెట్టడం. వీళ్లకు సొంత బలగం ఉండదు, పైకొచ్చినా రాజు దయవల్లే. పాలన దృష్టితో చూస్తే మంచి ఆలోచనే.

దెబ్బ తిన్నది మూడు చోట్ల. కోటలు కట్టడానికి చుట్టుపక్కల రైతుల చేత వెట్టి చేయించారు. కావలివాళ్లు తిండీ గడ్డీ ఆ ఊళ్ల మీద పడి లాక్కున్నారు. పైగా, తరతరాలుగా ఉమ్మడి అడవి, మేతబీడు అనుకున్నది రాజుదని తేలుతుంటే పెద్ద ప్రభువూ చిన్న రైతూ ఒక్కటయ్యారు. సాక్సన్ తిరుగుబాటును వట్టి ప్రభువుల కుట్రగా తీసిపారేయకూడదు.

1073 ఆగస్టులో తిరుగుబాటుదారులు హార్ట్స్‌బుర్గ్‌ను చుట్టుముట్టారు. హెన్రీ ఒక రాత్రి అడవిదారిన తప్పించుకున్నాడు. దక్షిణ డ్యూకులు కదల్లేదు. అతన్ని ఆదుకున్నది ఒక పట్టణం: వోర్మ్స్ ప్రజలు తమ బిషప్పును తరిమేసి రాజుకు తలుపులు తీశారు. 1074 జనవరిలో హెన్రీ వాళ్లకు ఫ్రాంక్‌ఫర్ట్, గోస్లార్, డోర్ట్‌ముండ్ వంటి రాజస్థానాల్లో సుంకం మాఫీ చేస్తూ పత్రం ఇచ్చాడు. వర్తకులకూ యూదులకూ కలిపి నేరుగా పట్టణవాసుల పేరునే ఇచ్చిన ఆ పత్రం జర్మన్ పట్టణాల చరిత్రలో మైలురాయి.

ఫిబ్రవరిలో కోటలు కూల్చడానికి ఒప్పందం కుదిరింది. కోపం ఆపుకోలేని రైతులు హార్ట్స్‌బుర్గ్‌లో చర్చిని కూడా పడగొట్టి, రాజు తమ్ముడివీ పసికొడుకువీ సమాధులు తవ్వేశారు. ఆ ఒక్క పనితో సాక్సన్లు అందరి సానుభూతీ పోగొట్టుకున్నారు. 1075 జూన్ 9న ఉన్‌స్ట్రుట్ నది దగ్గర హెన్రీ వాళ్లను చిత్తుగా ఓడించాడు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. 1073లో సాక్సనీలో చిక్కుకుని ఉన్నప్పుడు హెన్రీ కొత్త పోపు గ్రెగరీకి తప్పులన్నీ ఒప్పుకుంటూ ఎంతో వినయంగా ఉత్తరం రాశాడు. 1075 గెలుపు తర్వాత ఆ స్వరమే మారిపోయింది. రోమ్‌తో అతని మాటతీరు పాలన పొడవునా సాక్సనీలో గాలి ఎటు వీస్తే అటే సాగింది.

1076: రెండు ఉత్తరాలు

తగువు రాజుకున్నది మిలాన్‌లో. ఉత్తర ఇటలీలోని లొంబార్డీని అదుపులో పెట్టుకోవాలంటే మిలాన్ ఆర్చిబిషప్పు తనవాడై ఉండాలి. 1075లో హెన్రీ తన ప్రార్థనామందిరంలో పనిచేసే తేదాల్డ్ అనే గురువును అక్కడ నియమించాడు. రోమ్‌కు దగ్గరి ఫెర్మో, స్పోలెటో పీఠాలకూ మనుషుల్ని ఎంచాడు. అంతకు ముందు పోపు వెలివేసిన సలహాదారులను కొలువులోనే ఉంచుకున్నాడు. డిసెంబరులో గ్రెగరీ రాసిన హెచ్చరిక ఈ రెండింటి గురించే. కర్రా ఉంగరం ఇచ్చే పద్ధతి మీద అందరికీ వర్తించే నిషేధం స్పష్టంగా కనబడేది 1078లో. అంటే ఈ తగువుకు చరిత్రలో వాడే "పదవీప్రదాన వివాదం" అనే పేరు, మొదటి ఘర్షణ ముగిశాక దానికి అంటుకున్న పేరు.

హెన్రీ వేచి ఉండలేదు. 1076 జనవరి 24న వోర్మ్స్‌లో సభ పెట్టాడు. ఇద్దరు ఆర్చిబిషప్పులు, 24 మంది బిషప్పులు గ్రెగరీకి విధేయులం కామని సంతకాలు చేశారు. 1073లో ఆయన 1059 శాసనం ప్రకారం కాక, రోమ్ జనం కేకల మధ్య పోపు అయ్యాడన్నది వాళ్ల వాదం. ఉత్తరం పోపు పేరుతో కాక పాత పేరుతో మొదలైంది: హిల్డెబ్రాండ్‌కు, ఇక పోపు కాదు, దొంగ సన్యాసికి.

లెక్క తప్పింది ఇక్కడే. తండ్రి 1046లో పోపుల్ని తప్పించినప్పుడు సైన్యంతో ఇటలీలో ఉన్నాడు, చేతిలో ప్రత్యామ్నాయం ఉంది. కొడుకు రైన్ ఒడ్డున కూర్చుని, ఎవరినీ నిలబెట్టకుండా, దిగిపొమ్మని రాశాడు. సభలో ఉన్న ఒకే ఒక్క డ్యూక్, దిగువ లోరైన్ గాడ్‌ఫ్రీ, సుమారు నెల రోజులకే హత్యకు గురయ్యాడు.

ఫిబ్రవరిలో గ్రెగరీ జవాబు వచ్చింది. సంత పీటరును ఉద్దేశించిన ప్రార్థన రూపంలో మూడు పనులు చేసింది: రాజ్యపాలన నుంచి హెన్రీని నిషేధించింది, అతనికి చేసిన ప్రమాణాల నుంచి అందరినీ విడిపించింది, అతన్ని వెలివేసింది. మూడోది చిన్నదిగా కనిపిస్తుంది కానీ పని చేసింది అదే. వెలిపడ్డవాడితో తిన్నా, మాట్లాడినా, ఆ మైల అంటుకుంటుంది. వోర్మ్స్‌లో సంతకం పెట్టిన బిషప్పులు ఒక్కొక్కరే పోపుతో రాజీ చేసుకున్నారు. రాజు పిలిచిన సభలకు డ్యూకులు రావడం మానేశారు. ప్రమాణం తెగిందన్న మాట సాక్సన్లకు వరమైంది.

కనోసాను క్యాలెండరుతో చదవాలి

1076 అక్టోబరులో ప్రభువులు ట్రిబుర్‌లో కూడారు. నదికి అవతల ఒప్పెన్‌హైమ్‌లో హెన్రీ. కుదిరిన షరతులు: సలహాదారులను పంపేయాలి, వోర్మ్స్‌ను దాని బిషప్పుకు ఇచ్చేయాలి, ఏడాది లోపు వెలి తీయించుకోవాలి, లేదంటే అతన్ని రాజుగా గుర్తించరు. దానికి తోడు 1077 ఫిబ్రవరి 2న ఆగ్స్‌బుర్గ్‌లో పోపే స్వయంగా వచ్చి ఈ వ్యవహారానికి న్యాయం చెబుతాడు.

హెన్రీకి అసలు ప్రమాదం ఈ చివరిదే. ఆగ్స్‌బుర్గ్‌లో శత్రువుల మధ్య, ముద్దాయిగా నిలబడాల్సి వస్తుంది. వెలి తీయడం గురువుగా పోపు ఒంటరిగా చేయగల పని, తీర్పు చెప్పడం సభలో జరిగే పని. ఈ రెండింటినీ విడదీయగలిగితే బయటపడవచ్చు. పశ్చాత్తాపంతో వచ్చినవాణ్ని ఏ గురువూ తిప్పి పంపలేడు. కాబట్టి పోపు ఆల్ప్స్ దాటకముందే తాను ఆల్ప్స్ దాటాలి.

దక్షిణ డ్యూకులు కనుమలన్నీ మూసేశారు. తెరిచి ఉన్నది బర్గండీ వైపు మోం సెనీ కనుమ ఒక్కటే. అది అత్తగారు, తూరిన్ ఆడిలైడ్ చేతిలో ఉంది. దారి ఇచ్చినందుకు ఆమె భూములు పుచ్చుకుంది. డిసెంబరులో భార్య బెర్తా, ఇంకా మూడేళ్లు నిండని కొడుకు కాన్రాడ్‌తో రాజు బయల్దేరాడు. ఆ చలికి రైన్ నది నెలల తరబడి గడ్డకట్టి ఉందనీ, ఆడవాళ్లను ఎద్దుతోళ్ల మీద కూర్చోబెట్టి మంచు వాలు మీదుగా దించారనీ హెర్స్‌ఫెల్డ్ మఠం సన్యాసి లాంబెర్ట్ రాశాడు. అతను హెన్రీకి బద్ధవిరోధి, కథ రక్తికట్టించడంలో దిట్ట. ప్రతి వివరాన్నీ నమ్మనక్కర్లేదు కానీ ఆ చలికాలం భయంకరమన్న మాట ఇతరులూ రాశారు.

పోపు ఉత్తరానికి బయల్దేరి, రాజు వస్తున్నాడని విని, మిత్రురాలు తోస్కానా మటిల్డా కోట కనోసాలోకి వెళ్లాడు. లొంబార్డ్ బిషప్పులు రాజు పోపును దింపడానికే వచ్చాడనుకుని సంబరంగా ఎదురొచ్చారు. హెన్రీ వాళ్లను పక్కనబెట్టాడు. మటిల్డా, అత్తగారు ఆడిలైడ్, తనకు జ్ఞానపిత అయిన క్లూనీ మఠాధిపతి హ్యూ మధ్యవర్తులు. ఒట్టికాళ్లు, ఉన్నిబట్ట, కన్నీళ్లు అప్పటి ప్రాయశ్చిత్త విధిలో అందరికీ తెలిసిన భాగాలు. రాత్రింబగళ్లు మంచులో కదలకుండా నిలబడ్డాడన్నది తర్వాతి చిత్రకారుల ఊహ. గ్రెగరీయే జర్మన్ ప్రభువులకు సంజాయిషీ రాస్తూ, తన పక్కనున్నవాళ్లే ఇది పీఠాధిపతి గాంభీర్యం కాదు, నియంత క్రూరత్వం అన్నారని ఒప్పుకున్నాడు. ఆ వాక్యంలో ఆయన ఇరుకు తెలుస్తుంది: క్షమిస్తే ప్రభువులకు కోపం, క్షమించకపోతే గురువుగా తప్పు.

వెలి తీసేశారు. పోపు నిర్ణయించే గడువులో ప్రభువుల ఫిర్యాదులకు సమాధానం చెబుతాననీ, పోపు ప్రయాణానికి హాని చేయననీ హెన్రీ ప్రమాణం చేశాడు. ఒక్క ప్రశ్న తేలలేదు: రాజ్యం కూడా తిరిగి వచ్చినట్టా? వచ్చినట్టే అనుకుని హెన్రీ పాలన సాగించాడు. తాను చర్చిలోకి చేర్చుకున్నానే గానీ రాజ్యం తిరిగి ఇవ్వలేదని 1080లో, హెన్రీని మళ్లీ వెలివేస్తూ, గ్రెగరీ అన్నాడు.

నా తూకం ఇది: ఆ ఏడాదికి హెన్రీ గెలిచాడు, ఆగ్స్‌బుర్గ్ సభ జరగనే లేదు. కానీ రాజు యోగ్యుడో కాదో తేల్చగలవాడు పోపు అని తన మోకాళ్లతో ఒప్పుకున్నాడు. తండ్రి కాలపు అభిషిక్త రాజు అక్కడితో పోయాడు. 1872లో జర్మన్ ఛాన్సలర్ బిస్మార్క్ పార్లమెంటులో "మేం కనోసాకు పోము" అన్నప్పుడు వినేవాళ్లకు వేరే వివరణ అక్కర్లేకపోయింది.

తర్వాతి 29 ఏళ్లు

ప్రభువులు ఆగలేదు. 1077 మార్చి 15న ఫోర్ఖ్‌హైమ్‌లో రూడాల్ఫ్‌ను రాజుగా ఎన్నుకున్నారు. అతను హెన్రీకి రెండు వైపులా బావ: ముందు హెన్రీ అక్కను, ఆమె పోయాక బెర్తా చెల్లెలిని పెళ్లాడాడు. రాజ్యం వారసత్వం కాదు, ఎన్నిక అని అతని చేత ఒప్పించారు. జర్మన్ రాజరికం తర్వాతి శతాబ్దాల్లో నడిచిన బాట అక్కడ మొదలైంది. 1080 అక్టోబరు 15న ఎల్‌స్టర్ నది యుద్ధంలో రూడాల్ఫ్ పక్షం గెలిచింది, రూడాల్ఫ్ మాత్రం కుడిచేయి తెగి చనిపోయాడు. హెన్రీకి విధేయత ప్రమాణం చేసిన చేయి అదే కాబట్టి దేవుడే తీర్పు చెప్పాడని హెన్రీ వాళ్లు ఊరూరా చాటారు. అతని కంచు సమాధిఫలకం మెర్సెబుర్గ్ చర్చిలో ఇప్పటికీ ఉంది.

ఈసారి హెన్రీ పాత తప్పు చేయలేదు. 1080 జూన్‌లో బ్రిక్సెన్‌లో రవెన్నా ఆర్చిబిషప్పు విబెర్ట్‌ను పోటీ పోపుగా ఎన్నిక చేయించాడు, సైన్యంతో రోమ్ మీదికి పలుమార్లు వెళ్లి, 1084 మార్చిలో నగరం పట్టుకుని, ఈస్టర్ రోజున చక్రవర్తి కిరీటం పెట్టించుకున్నాడు. గ్రెగరీని విడిపించడానికొచ్చిన, దక్షిణ ఇటలీని ఏలుతున్న నార్మన్లు రోమ్‌ను దోచి తగలబెట్టారు. ఆయన వాళ్లతోనే దక్షిణానికి వెళ్లిపోయి 1085లో సలెర్నోలో చనిపోయాడు. ఇక్కడ పేర్ల లెక్క గురించి ఒక మాట: మొదటి హెన్రీ చక్రవర్తి కాలేదు. అందువల్ల ఈ హెన్రీ రాజుల్లో నాలుగోవాడు, చక్రవర్తుల్లో మూడోవాడు. అతని పత్రాల్లో "మూడో హెన్రీ" అని చూసి తండ్రి అనుకోవడం సులువుగా జరిగే పొరపాటు.

పెద్ద కొడుకు కాన్రాడ్ 1093లో ఎదురు తిరిగాడు. కనుమలు మూసుకుపోయి చక్రవర్తి 1097 దాకా ఈశాన్య ఇటలీ మూలలో చిక్కుకుపోయాడు. 1096లో క్రూసేడు (మతయుద్ధం) పేరుతో గుంపులు రైన్ పట్టణాల్లో యూదులను ఊచకోత కోస్తున్నప్పుడు అతను అక్కడ లేడు. తిరిగొచ్చాక, బలవంతంగా మతం మార్చబడ్డ యూదులు తమ మతంలోకి వెళ్లవచ్చని అనుమతించాడు. అతని పక్షపు పోపే దాన్ని తప్పుపట్టినా వెనక్కి తగ్గలేదు. 1103లో మైన్ట్స్‌లో నాలుగేళ్ల శాంతి శాసనం చేశాడు: చర్చిలు, వర్తకులు, స్త్రీలు, యూదులు దాని రక్షణలోకి వచ్చారు. మీరినవాడికి కళ్లో చేయో పోతుంది. కొల్లగొట్టి బతికే ప్రభువులకు అది గిట్టలేదు.

మరుసటి ఏడాది రెండో కొడుకు ఐదో హెన్రీ తిరగబడ్డాడు. వెలిపడ్డ తండ్రితో ఉంటే కిరీటమే పోతుందన్నది అతని భయం. 1105 క్రిస్మస్‌కు రాజీ అని పిలిచి బంధించి, ఏడాది చివర ఇంగెల్‌హైమ్‌లో తండ్రి చేత పదవి వదిలించాడు. ముసలి చక్రవర్తి తప్పించుకుని లియేజ్ చేరి, మళ్లీ సైన్యం కూడగడుతూ 1106 ఆగస్టు 7న చనిపోయాడు. వెలి తీరలేదు కాబట్టి అక్కడి సమాధిలోంచి పైకి తీశారు, ష్పేయర్‌కు తెచ్చారు. 134 మీటర్ల పొడవున తానే మళ్లీ కట్టించిన చర్చిలో కాక, పక్కన ఇంకా ప్రతిష్ఠ జరగని చిన్న మందిరంలో శవపేటిక ఐదేళ్లు ఉండిపోయింది. 1111 ఆగస్టు 7న లోపల పూడ్చారు.

చిక్కుముడి ఎక్కడుందో ఆ ఏడాదే పచ్చిగా బయటపడింది. ఫిబ్రవరిలో పోపు రెండో పాస్కల్ ఒక సూటి పరిష్కారం చెప్పాడు: బిషప్పులు రాజు ఇచ్చిన పట్టణాలు, కౌంటీలు, సుంకాలు, టంకశాలలు, కోటలు అన్నీ తిరిగి ఇచ్చేస్తారు, రాజు కర్రా ఉంగరం జోలికి రాడు. సంత పీటర్ చర్చిలో అది చదివి వినిపించగానే బిషప్పులే కేకలు పెట్టి లేచారు. అన్నీ పోతే వాళ్లకు మిగిలేది పదో వంతు పన్నూ భక్తుల కానుకలే. వాళ్ల నుంచి జాగీరులు పొందిన ప్రభువులూ ఒప్పుకోలేదు. ఐదో హెన్రీ చక్రవర్తి పట్టాభిషేకం ఆగిపోయింది, అతను పోపునే బంధించాడు.

దారి దొరికింది ఇంకో 11 ఏళ్లకు, 1122 సెప్టెంబరు 23న, వోర్మ్స్‌లోనే. పదవిని రెండుగా చీల్చారు. ఉంగరం, కర్ర చర్చి ఇస్తుంది. భూములూ అధికారాలూ రాజు రాజదండంతో తాకి ఇస్తాడు. జర్మనీలో ఎన్నిక రాజు సమక్షంలో జరుగుతుంది, రాజదండం అభిషేకానికి ముందే. అంటే నచ్చనివాణ్ని ఆపే వీలు రాజుకు మిగిలింది. ఇటలీలో, బర్గండీలో అభిషేకం ముందు, రాజదండం ఆరు నెలల లోపు. అప్పటికే బిషప్పు అయిపోయినవాడికి దాన్ని నిరాకరించినా రాజుకు ఒరిగేదేమీ ఉండదు. నాలుగో హెన్రీ 1075లో ఎవరి కోసమైతే అంత తగువు తెచ్చుకున్నాడో, ఆ మిలాన్ ఆర్చిబిషప్పు ఈ రెండో జాబితాలోకి వచ్చాడు.